దూరాన ఉన్నవాడి అమానత్

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకుల పైన, సహచరుల పైన శాంతి, శుభాలు వర్షించుగాక!



మన మొహల్లాకు చెందిన ఒక సోదరుడు చాలా ఏళ్లుగా జిద్దాలో ఒక సరుకుల గిడ్డంగిలో పని చేస్తున్నాడు. గత సెలవులకు వచ్చినప్పుడు అస్ర్ నమాజు తరువాత మా వద్ద కూర్చుని ఒక సంగతి చెప్పాడు. అతని గదిలోనే ఒక సూడాన్ దేశస్థుడు ఉంటాడట. జీతం అందిన రాత్రి ఆ మనిషి ముందు భోజనానికి కూర్చోడు, ఫోను తీసుకుని కూర్చుంటాడు. ఓమ్‌దుర్మాన్‌లో ఉన్న తల్లికి కొంత, ఈజిప్టుకు తరలిపోయిన చెల్లెలికి కొంత, ఆపైన తాను పుట్టి పెరిగిన వీధిలో నడుస్తున్న ఉమ్మడి వంటశాలకు కొంత పంపుతాడు. మిగిలినదే అతని నెల ఖర్చు. "హజ్రత్, ఆ వీధిలో ఇప్పుడు అతని ఇల్లు లేదు, ఇంటివాళ్లూ లేరు. మరి ఎవరికి పంపుతున్నావని అడిగాను. పొరుగువాళ్లు ఉన్నారు కదా అన్నాడు" అని చెప్పి మన సోదరుడు కాసేపు మౌనంగా ఉండిపోయాడు.

పొరుగువాని హక్కును గురించి మేము ఈ మింబర్ మీద నుండి ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. ఇల్లు కూలిపోయిన తరువాత కూడా పొరుగు మిగిలే ఉంటుందన్న సంగతి మాత్రం మాకు ఆ సూడానీ కార్మికుని మాటతోనే మనసుకు పట్టింది. అందుచేత స్వదేశానికి దూరంగా ఉన్నవారు కష్టంలో ఉన్న తమవారికి చేసే సహాయాన్ని గురించి, దానిలోని బాధ్యతలను గురించి నేడు ముచ్చటించదలచాము.

2023 ఏప్రిల్ 15న, రమజాన్ చివరి దశకంలో, ఉపవాసులు ఉన్న నగరంలో యుద్ధం మొదలయింది. ఒక వైపు జనరల్ బుర్హాన్ నాయకత్వంలోని దేశ సైన్యం, మరొక వైపు హమేద్తీగా పేరుపడిన ముహమ్మద్ హమ్దాన్ దగలో నడిపే సాయుధ దళం. నాడు అక్కడ చిక్కుకున్న మన దేశస్థులను, 3,800 మందికి పైగా, భారత ప్రభుత్వం ఆపరేషన్ కావేరీ పేరిట పోర్ట్ సూడాన్ నుండి జిద్దా మీదుగా స్వదేశానికి చేర్చింది. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. మనవారు వచ్చేశారు. వార్తాపత్రికలలో సూడాన్ పేరు కూడా దాదాపు వారితోనే వెళ్లిపోయింది. ఆ తరువాత కోటీ ఇరవై లక్షల మంది వరకు ఇళ్లు విడిచి పోవలసి వచ్చిందని, ప్రపంచంలో ఇంతకు మించిన నిర్వాసం నేడు మరొకటి లేదని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది.

ప్రభుత్వ యంత్రాంగం కూలిపోయి, విదేశీ సంస్థలు రాజధానిని విడిచిపోయిన ఆ రోజులలో వీధికొక కుర్రాడు, వీధికొక తల్లి ముందుకు వచ్చారు. వారు ఏర్పరచుకున్న బృందాలను అక్కడ 'గురఫ్ అత్తవారీ' అంటారు. అనగా అత్యవసర సహాయ గదులు. 2019లో ఒమర్ అల్ బషీర్ ప్రభుత్వం పతనమైన ఉద్యమంలో కీలక పాత్ర వహించిన మొహల్లా కమిటీలే వీటికి వేర్లు. గాయపడినవారిని చేరవేయడం, నీటి బోరును బాగు చేయించడం, మందులు వెతికి తేవడం, అన్నిటినీ మించి వంట చేసి పెట్టడం వారి పని. 2025లో నార్వే దేశపు రాఫ్తో పురస్కారం, స్వీడన్‌లో ఇచ్చే రైట్ లైవ్లీహుడ్ పురస్కారం ఆ బృందాలను వరించాయి. పురస్కారం వచ్చిన రోజున కూడా వారి పొయ్యిలలో కొన్ని డబ్బు లేక ఆరిపోయి ఉన్నాయి.

ఆ వంటశాలలను అక్కడ 'తకాయా' అంటారు. ఏకవచనంలో 'తకియా'. ఈ మాట మీకు కొత్త కాదు. మన ఊళ్లలో ఫకీర్లు విడిది చేసే చోటును తకియా అనే అంటాము. సూడాన్‌లో సూఫీ గురువుల మఠాలలో బాటసారులకు అన్నం పెట్టే ఆచారం తరతరాలుగా ఉన్నది. ఆ పేరే నేటి వీధి వంటశాలలకు వచ్చింది. పెద్ద దేగ్చీలలో మసూర్ పప్పు, ఫూల్ అనే చిక్కుడు గింజలు, జొన్నపిండితో చేసే అసీదా వండుతారు. అసీదా అంటే ఏమిటో రాయలసీమ వారికి వివరించనక్కరలేదు, మన జొన్న సంగటికి అది తోబుట్టువు.

వారి ఆచారాలలో మరొకటి 'నఫీర్'. మదరసాలో మేము చదువుకున్న అరబీలో నఫీర్ అనగా యుద్ధానికి కదిలిన జనం. పనికిమాలిన మనిషిని అరబ్బులు, వాడు వర్తక బిడారులోనూ లేడు, నఫీర్‌లోనూ లేడు అని ఎత్తిపొడుస్తారు. సూడాన్ రైతులు ఆ యుద్ధపు మాటను తీసుకుని పొరుగువాని పంటకోతకు, ఇంటి కప్పు వేయడానికి కలసి కదలడానికి పేరుగా పెట్టుకున్నారు. భాష పండితుల చేతిలో కంటే రైతుల చేతిలోనే ఎక్కువ బాగుపడుతుందని మాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. 2013లో ఖర్తూంలో వరదలు వచ్చినప్పుడు యువకులు స్థాపించిన సహాయ ఉద్యమానికీ నఫీర్ అనే పేరు పెట్టుకున్నారు. నేడు జిద్దా, రియాద్, దోహా, లండన్, అమెరికా నగరాలలో ఉన్న సూడానీలు ఆ నఫీర్‌లో భాగస్థులు. అరబ్బుల సామెత ప్రకారం చూస్తే వారు బిడారులోనూ ఉన్నారు, నఫీర్‌లోనూ ఉన్నారు.

వారు పంపే సొమ్ము వంటశాలకు చేరే దారి ఎలాంటిదో వినండి. సూడాన్‌లో బ్యాంక్ ఆఫ్ ఖర్తూం వారి 'బన్కక్' అనే ఫోను యాప్ ఉన్నది. మన ఫోన్‌పే వంటిదే అనుకోండి. బ్యాంకు శాఖలు మూతబడి, దోపిడీకి గురైన కాలంలో ఆ యాప్ ఒక్కటే ప్రాణాధారమయింది. అయితే అది నడవాలంటే ఫోనుకు సిగ్నల్ ఉండాలి. 2024 ఫిబ్రవరిలో దేశంలో అత్యధిక భాగం ఫోన్లు మూగబోయాయి. అప్పుడు జనం ఉపగ్రహ ఇంటర్నెట్ పరికరం ఉన్న దుకాణాల ముందు గంటకు ఇంత అని చెల్లించి వరుసలో కూర్చున్నారు. అప్పటికీ ఖాతాలో అంకె కనబడుతుందే తప్ప చేతికి నోట్లు రావు. నోట్లు ఇచ్చే వ్యాపారి తన కమీషన్ కోసుకుంటాడు. ఆ మిగిలిన దానితో పప్పు, కట్టెలు, నీళ్లు కొనాలి. ఇంత చేసిన కుర్రవాళ్లను రెండు పక్షాలవారూ అనుమానించారు. శత్రువుకు తోడ్పడుతున్నావని నిర్బంధించారు, కొందరు ప్రాణాలే కోల్పోయారు. ఇక 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపివేయగానే వందలాది వంటశాలలు మూతపడ్డాయి. మిగిలినవి చాలా వరకు దూరాన ఉన్న కొడుకులు, కూతుళ్లు పంపిన చిన్న చిన్న మొత్తాలతో నిలిచాయి. ఒక ప్రభుత్వం ఒక్క సంతకంతో ఆపగలిగింది. గిడ్డంగి కూలీ ఆపలేదు. ఆపితే రేపు ఉదయం ఎవరి గిన్నె ఖాళీగా ఉంటుందో అతనికి పేరుతో సహా తెలుసు.

సోదరులారా! యెమన్ నుండి వచ్చిన అష్అరీ తెగవారిని దైవప్రవక్త (స) ఎంతగా ప్రశంసించారో బుఖారీ, ముస్లిం గ్రంథాలలో నమోదై ఉన్నది. యుద్ధయాత్రలో గాని, మదీనాలో గాని వారికి ఆహారం కొరత పడితే, ఎవరి వద్ద ఉన్నది వారు తెచ్చి ఒకే వస్త్రంలో పోసి, ఒకే పాత్రతో అందరికీ సమానంగా కొలిచి పంచుకునేవారు. వారు నావారు, నేను వారివాడను అన్న భావంతో ప్రవక్త (స) వారిని తమవారిగా చెప్పుకున్నారు. ఆ వస్త్రంలో ఎవరి పిడికెడు ఎంత అని చూసే అవకాశం లేదు. కలిసిపోయిన తరువాత పెట్టినవాడు, తిన్నవాడు అన్న భేదమే కనిపించదు. దూరం నుండి సొమ్ము పంపేవాడు ఆ వస్త్రం అంచును సముద్రం అవతలి నుండి పట్టుకున్నవాడని మేము భావిస్తున్నాము.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 2009 అక్టోబరు 2, శుక్రవారం. తుంగభద్ర, హంద్రీ నదులు మన కర్నూలును ముంచిన రోజు. ఆ జుమాకు పాతబస్తీలో ఎన్ని మసీదులలో ఖుత్బా జరగలేదో పెద్దవారికి గుర్తున్నది. నీరు తీసిన మూడవ రోజు నుండే గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు ఫోన్లు చేయసాగారు. సొమ్ము కూడా పంపారు. చుట్టుపక్కల ఊళ్లవారు బట్టలు పంపారు. మసీదు వరండాలో బట్టల గుట్ట పెరిగిపోయింది. పెళ్లి చీరలు, ఒంటికాలి చెప్పులు, చలికోట్లు! మన వీధులలో అప్పుడు కావలసినది బురద ఎత్తడానికి పారలు, చీపుర్లు, బ్లీచింగ్ పొడి, గ్యాసు పొయ్యిలు, పిల్లలకు పుస్తకాలు. ఏమి కావాలని మమ్మల్ని అడిగినవారు కొద్దిమందే, వారికి కూడా మేము మొహమాటపడి 'మీకు తోచినది' అన్నాము. ఆ బట్టలలో సగం తడిసి కుళ్లిపోయాయి. మోసి పారవేయడానికి ట్రాక్టరు బాడుగ మేమే ఇచ్చుకున్నాము.

అంతకంటే పెద్ద తప్పు మరొకటి. కువైట్ నుండి సొమ్ము పంపిన ఒక యువకుడు రెండు నెలల తరువాత లెక్క అడిగాడు. మాకు కోపం వచ్చింది. ఇమామ్‌ను లెక్క అడుగుతాడా అనుకున్నాము. ఖర్చు సక్రమంగానే జరిగింది, అల్లాహ్ సాక్షి. కాని కాగితం మీద సగమే ఉన్నది. మిగిలిన సగం మా జ్ఞాపకంలో ఉన్నది. ఆ యువకుడు ఎండలో రాళ్లు మోసి సంపాదించిన సొమ్ము అది, దానిని గురించి తెలుసుకోవడం అతని హక్కు, చూపించడం మా విధి. అతను మళ్లీ అడగలేదు, మళ్లీ పంపనూ లేదు. ఈ రెండవది మాకు నేటికీ ముల్లులా గుచ్చుతూనే ఉన్నది. అమానత్ అంటే దొంగిలించకపోవడం వరకే అని మేము అప్పటివరకు అనుకున్నాము.

హిజ్రీ 18లో మదీనా పరిసరాలలో భయంకరమైన కరవు వచ్చింది. గాలికి నేల బూడిదలా ఎగిరిందని దానికి 'రమాదా సంవత్సరం' అని పేరు వచ్చింది. హజ్రత్ ఉమర్ (ర) అమ్ర్ బిన్ ఆస్ (ర)కు, ఇతర ప్రాంతాల అధికారులకు లేఖలు వ్రాశారు. పిండి, కొవ్వు, వస్త్రాలతో బిడారులు కదలివచ్చాయి. ఆ కథలో మనందరికీ తెలిసినది, ప్రజలు తేరుకునే వరకు ఖలీఫా నెయ్యి ముట్టలేదన్న విషయం. మేము చెప్పదలచినది మరొకటి. మదీనాలో పంక్తికి వచ్చి తిన్నవారిని, రాలేక గుడారాలలో ఉండిపోయినవారిని లెక్కించమని ఆయన ఆదేశించారు. ఆకలి చూసి ఏడ్చిన ఆ మనిషే తలలు లెక్కించమన్నాడు. లెక్క పెట్టడం దయకు విరుద్ధమని అనుకునేవారు ఈ ఉదంతాన్ని మననం చేసుకోవాలి.

సూడాన్ వంటశాలలవారు ఈ పని చక్కగా చేస్తున్నారు. కొన్న పప్పు రసీదు, ఉడుకుతున్న దేగ్చీ ఫోటో తీసి పంపినవారికి చూపుతారు. అయితే ఒక జాగ్రత్త. దేగ్చీని ఫోటో తీయండి, గిన్నె పట్టుకున్న పిల్లవాని ముఖాన్ని తీయకండి. నిన్నటి వరకు ఆ పిల్లవాని తండ్రి ఉపాధ్యాయుడో, దుకాణదారుడో అయి ఉంటాడు. చేసిన ఉపకారాన్ని ఎత్తిచూపడం, గ్రహీత మనసు నొప్పించడం దానాన్ని వృథా చేస్తాయని బఖరా సూరాలో అల్లాహ్ హెచ్చరించాడు. నున్నని బండ మీద మట్టి పేరుకుని, ఒక్క వానకు కొట్టుకుపోయే ఉపమానం అక్కడిదే. మన దగ్గర రమజాన్ కిట్లు పంచేటప్పుడు ఒక్కొక్క విధవరాలి పక్కన నలుగురు నిలబడి తీయించుకునే ఫోటోలను కూడా దృష్టిలో పెట్టుకునే ఈ మాట అంటున్నాము. ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనీయండి.

ఇక జకాత్ విషయం. గల్ఫ్ నుండి మన సోదరులు తరచూ అడుగుతారు గనుక కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. ఏ ఊరి జకాత్ ఆ ఊరి పేదలకు చెందడం మూల సూత్రం. హజ్రత్ ముఆజ్ (ర)ను యెమన్‌కు పంపినప్పుడు ప్రవక్త (స) ఇచ్చిన ఆదేశం దానికి ఆధారం. అయితే వేరొక చోట బంధువులు ఉంటే, లేదా అక్కడివారి అవసరం మరింత తీవ్రంగా ఉంటే అక్కడికి పంపడంలో దోషం లేదని మన హనఫీ ధర్మవేత్తలు వ్రాశారు. కాబట్టి ఆ సూడానీ సోదరుడు తన చెల్లెలు అర్హురాలైతే ఆమెకు జకాత్ ఇవ్వవచ్చు. అందులో దాన పుణ్యం, బంధుత్వ పుణ్యం రెండూ ఉన్నాయి. తల్లికి ఇచ్చేది మాత్రం జకాత్ కాజాలదు. తల్లిని పోషించడం అతనిపై ఉన్న బాధ్యత.

వంటశాలకు జకాత్ ఇచ్చేవారు మరొకటి గమనించాలి. జకాత్ సొత్తు పేదవాని సొంతం కావాలి. పంక్తిలో కూర్చోబెట్టి తినిపిస్తే అది ఆతిథ్యమవుతుంది గాని జకాత్ నెరవేరదు. అన్నం గిన్నెలో పోసి, ఇక నీది, ఇంటికి తీసుకుపో అని చేతికిస్తే నెరవేరుతుంది. కట్టెలకు, రవాణాకు, వ్యాపారి కమీషన్‌కు అయ్యే ఖర్చును జకాత్‌లో లెక్కించరాదు. అందుకు వేరుగా సదఖా పంపాలి. సదఖాకు మతం అడగనవసరం లేదు. ఖర్తూంలో కాప్టిక్ క్రైస్తవులు ఉన్నారు, దక్షిణ సూడాన్ నుండి వచ్చిన శరణార్థులు ఉన్నారు. ఆకలితో వరుసలో నిలిచిన పొరుగువాడు ఎవరైనా సరే, అతని గిన్నె నిండాలి.

అన్నాన్ని ఆయుధంగా వాడడం గురించి కూడా ఒక మాట చెప్పకుండా ఉండలేము. యమామా నాయకుడు సుమామా బిన్ ఉసాల్ (ర) ఇస్లాం స్వీకరించిన తరువాత మక్కాకు గోధుమలు వెళ్లకుండా ఆపివేశారు. నాడు ఖురైషులు ముస్లిములకు బద్ధశత్రువులు. వారు ఆకలికి తాళలేక బంధుత్వాన్ని గుర్తుచేస్తూ దైవప్రవక్త (స)కు లేఖ వ్రాశారు. ధాన్యాన్ని వదలమని ప్రవక్త (స) సుమామాకు కబురు చేశారు. శత్రువుకే ఆ తీర్పు దొరికింది. మరి దార్‌ఫూర్‌లో అల్ ఫాషిర్ పట్టణాన్ని 2024 మే నుండి ముట్టడించినవారు, లోపల ఉన్నవారు అందరూ కలిమా పలికేవారే! పక్కనే ఉన్న జమ్‌జమ్ శిబిరంలో కరవు నెలకొన్నదని 2024 ఆగస్టులో అంతర్జాతీయ నిపుణులు ధ్రువీకరించారు. అల్ ఫాషిర్‌లో జనం 'అంబాజ్' తిన్నారు. అంబాజ్ అంటే వేరుశనగ నూనె తీసిన తరువాత మిగిలే చెక్క. మన కర్నూలు, అనంతపురం రైతులారా, ఆ చెక్క మన దగ్గర ఎవరి దాణాయో మీకు తెలుసు. 2025 అక్టోబరు 26న ఆ పట్టణం పడిపోయే వరకు బయటి దేశాలలో ఉన్న దార్‌ఫూర్ బిడ్డలు ఆ చెక్క కొనడానికే డబ్బు పంపవలసిన స్థితి దాపురించింది. ఈ పాపంలో ఎవరి వాటా ఎంతో అల్లాహ్ న్యాయస్థానంలో తేలుతుంది.

మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు, మరి మేమేమి చేయాలి అని. మన దేశం నుండి గాని, గల్ఫ్ నుండి గాని పరదేశానికి విరాళం పంపడానికి చట్టాలు ఉన్నాయి. అనుమతి లేని వసూళ్లలో చేయి పెట్టకండి. అక్కడ ఉన్నవారు ఆయా ప్రభుత్వాలు గుర్తించిన మార్గాలలోనే ఇవ్వండి. మేము ఈ మసీదులో సూడాన్ పేరిట డబ్బా పెట్టడం లేదు. మేము అడుగుతున్నది వేరు. మీ గదిలో, మీ పనిచోట సూడానీయో, సిరియా వాడో, యెమన్ వాడో ఉంటే ఒక నెల అతని వంతు భోజన ఖర్చు మీరు భరించండి. అతను మిగిల్చినది ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. రాత్రి ఫోను అందక అతను లేచి తిరుగుతుంటే విసుక్కోకండి.

ఇళ్ల దగ్గర ఉన్నవారికీ ఒక విన్నపం. మన అబ్బాయి రియాద్ నుండి డబ్బు పంపితే అది చెట్టుకు కాసినది కాదు. పెళ్లికి రెండు వందల మందికి బదులు ఆరు వందల మందిని పిలవడానికి అతని ఓవర్‌టైమును లెక్కవేసుకునే తల్లిదండ్రులను మేము ఎరుగుదుము. అతను ఎక్కడ దస్తర్‌ఖాన్ పరుచుకుంటున్నాడో, పక్కన ఎవరు కూర్చుంటున్నారో ఒక్కసారైనా అడగండి. చిన్నదైనా సరే, విడవకుండా చేసే సత్కార్యమే అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనదని దైవప్రవక్త (స) బోధించారు. విడవకుండా చేయాలంటే ఆ చేసేవానికి కూడా కొంత మిగలాలి.

కువైట్‌లోని ఆ యువకుడు ఎక్కడ ఉన్నాడో మేము కనుక్కున్నాము. ఇప్పుడు అతనికి నలభై దాటింది. 2009 నాటి పుస్తకంలో ఉన్నంతవరకు లెక్క వ్రాసి, లేనిదానికి క్షమాపణ కోరుతూ గత నెలలో ఉత్తరం పంపాము. జవాబు ఇంకా రాలేదు.

ఓ అల్లాహ్! సూడాన్ వీధులలో పొయ్యి రాజేసేవారిని నీ రక్షణలో ఉంచు. నిర్బంధంలో ఉన్నవారిని విడిపించు. దూరాన కూర్చుని ఇంటివారి ఫోను కొరకు ఎదురుచూసే ప్రతి తల్లికీ, ప్రతి కొడుక్కీ క్షేమ సమాచారం చేర్చు. సొమ్ము పంపినవారి సంపాదనలో, దానిని మోసినవారి చేతులలో, వండినవారి దేగ్చీలలో శుభం కలిగించు. మా చేతికి వచ్చిన అమానత్‌లలో మేము చేసిన లోపాలను మన్నించు. ఆమీన్.

మా కొరకు, మీ కొరకు, సమస్త విశ్వాసుల కొరకు అల్లాహ్ క్షమాభిక్షను అర్థిస్తున్నాము. మీరు కూడా అర్థించండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.